దసరా నుంచి సంక్రాంతి దాకా బైకు నడపాలా, నిలపాలా? తేల్చుకోవడం ఎలా, ఆ తర్వాత ఏం చేయాలి

అక్టోబరు నెల సగమయ్యే సరికి నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు వైపు నుంచి ఒకటే ప్రశ్న. "ముసురు మొదలైంది, బండికి కవరేసి పెట్టేద్దామా, తడుస్తూనే నడుపుకుందామా?" చలికాలంలో బండి నిలపడం గురించి బయట దొరికే సలహాల్లో చాలా భాగం మంచు కురిసే ఊళ్ళవాళ్ళకు రాసినవి. మన చలికి బండి నిలపాల్సిన పని లేదు. మనకున్న ఇబ్బందులు మూడు: ఈశాన్య రుతుపవనాల వాన, సముద్రం మీది ఉప్పు గాలి, వాగుల నీళ్ళు. వాటిని బట్టే తేల్చుకోవాలి.

ఒక మాట ముందే చెప్పాలి. రోజూ నడిచే బండి ఈ మూడు నెలలూ బాగానే ఉంటుంది. పద్ధతిగా నిలిపిన బండీ బాగుంటుంది. పాడయ్యేది ఆ రెంటికీ మధ్యలో ఉన్న బండి. వరండాలో ప్లాస్టిక్ పట్టా కప్పి, రెండు రోజులకోసారి రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసే బండి సంక్రాంతికి షెడ్డుకు చేరుతుంది. అందుకే ఏదో ఒకటి తేల్చుకోండి.

ఎలా తేల్చుకోవాలి: ఐదు ప్రశ్నలు

1. వారానికి ఒక్కసారైనా, మధ్యలో ఆపకుండా 20 కిలోమీటర్లు పోయే పని ఉందా? ఉంటే నడపండి. పది రోజులకోసారి బజారు దాకా ఒక కిలోమీటరు పోయే బండైతే నిలపండి. ఇంజనులో పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఇంజను, సైలెన్సరు బాగా వేడెక్కితేనే ఆ తేమ బయటికి పోతుంది, దానికి పావుగంట, ఇరవై నిమిషాల పరుగు కావాలి. ఒక్క కిలోమీటరుకే ఆపేస్తే ఆ నీరు ఆయిల్‌లోనూ సైలెన్సరులోనూ మిగిలిపోతుంది.

2. మీ దారిలో వాగు నీళ్ళు పైనుంచి పారే చప్టా ఉందా? ఆత్మకూరు, ఉదయగిరి, పామూరు, కనిగిరి వైపు పల్లెల దారులకు ఇదే పెద్ద ప్రశ్న. మీ ఊళ్ళో ఎండ కాస్తున్నా, పైన కురిసిన వానకు వాగు రావచ్చు. చప్టా దాటకుండా వేరే దారి ఉంటే నడపండి. లేకపోతే వాగు పారే రోజులకు బస్సు అనుకోండి, మిగతా రోజులకు బండి.

3. బండి ఎక్కడ నిలబడుతుంది? పైన కప్పు, కింద గట్టి నేల, పక్కనుంచి గాలి ఆడే చోటు ఉంటేనే నిలపడం గురించి ఆలోచించండి. ఆరుబయట చెట్టు కింద మూడు నెలలు నిలపడం కంటే రోజూ నడపడమే బండికి మేలు. మీకు చోటు లేకపోతే బంధువుల ఇంట్లో మెట్ల కిందైనా అడగండి.

4. సముద్రం ఎంత దూరం? మైపాడు, రామాయపట్నం, పాకల, కొత్తపట్నం లాంటి చోట్ల గాలికే ఉప్పు అంటుకుంటుంది. రొయ్యల గుంటల దారుల్లో బండ్ల నుంచి కారే ఉప్పునీళ్ళు కింద నుంచి కూడా పడతాయి. అక్కడ నడిపినా నిలిపినా మంచినీళ్ళ కడుగు తప్పదు. నిలిపితే మాత్రం కింద చెప్పిన తుప్పు పని పూర్తిగా చేయాలి.

5. టైర్లు, బ్రేకులు ఈ వానలకు పనికొస్తాయా? టైరు పక్క గోడ మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. దానికి ఎదురుగా గాడిలో చిన్న దిమ్మె కనిపిస్తుంది. గాడి అరిగి ఆ దిమ్మెకు సమానమైతే టైరు అయిపోయినట్టే. వానలో అంతదాకా ఆగకండి. స్కేలు పెట్టి కొలిస్తే నడిమి గాడి 2 మిల్లీమీటర్ల లోపు ఉంటే మార్చేయండి. మార్చడానికి ఇప్పుడు డబ్బు వీలు కాకపోతే, ఆ బండిని నిలపండి. ఇందులో బేరం లేదు.

మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు వాళ్ళకు తీరమంత వాన ఉండదు, ఉప్పు గాలీ లేదు. రోజూ పని ఉంటే నడపడమే. వాళ్ళు జాగ్రత్త పడాల్సింది తెల్లవారుజాము పొగమంచు గురించి.

కావలసినవి

- మల్టీమీటరు. 300 రూపాయల రకం చాలు. ఈ జాబితాలో అన్నిటికంటే ముందు ఇదే
- కిరసనాయిలు పావు లీటరు. దొరక్కపోతే డీజిల్. పాత టూత్ బ్రష్షు, పాత బనీను గుడ్డలు
- చెయిన్ లూబ్ స్ప్రే, లేదా 90 నంబరు గేరాయిల్
- బండి పుస్తకంలో చెప్పిన గ్రేడు ఇంజన్ ఆయిల్
- స్కేలు, గాలి కొలిచే గేజి, ప్లగ్ స్పానరు
- పెట్రోలియం జెల్లీ చిన్న డబ్బా
- నిలిపే వాళ్ళకు అదనంగా: గాలి ఆడే గుడ్డ కవరు, రెండు చెక్క పలకలు, బైకు బ్యాటరీకి సరిపోయే చిన్న చార్జరు

మొదటి భాగం: నడపాలనుకుంటే

1. టైర్ల గాలి. వానలో పట్టు కోసమని కొందరు గాలి తగ్గిస్తారు. అది తప్పు. గాలి తగ్గితే టైరు అడుగు పరుచుకుని, గాడులు మూసుకుపోయి నీటిని పక్కకు తోయలేదు. చెయిన్ కవరు మీదో సీటు కిందో అంటించిన స్టిక్కరు మీద ఎంత రాసి ఉంటే అంతే పెట్టండి. బండి చల్లగా ఉన్నప్పుడు, వారానికోసారి కొలవండి.

2. బ్రేకులు. వెనక డ్రమ్ము బ్రేకైతే, బ్రేకు తొక్కి పట్టుకుని డ్రమ్ము మీది బాణం గుర్తు చూడండి. అది చివరి గీతకు చేరితే షూలు అయిపోయాయి. డిస్కుకైతే ప్యాడ్ మందం చూడండి, 2 మిల్లీమీటర్ల లోపుంటే మార్చండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్ళకోసారి మార్చాలి. డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే పోయించండి.

ఇంకో సంగతి. బ్రేకు గట్టిగా వేసినా చక్రం బిగుసుకోకుండా చూసేది ఏబీఎస్. చాలా బండ్లలో అది ముందు చక్రానికే ఉంటుంది. వెనక బ్రేకు గట్టిగా తొక్కితే వెనక చక్రం బిగుసుకుని జారుతుంది. "ఏబీఎస్ ఉంది కదా" అని ధీమా పడకండి. మీ బండికి ఒక చక్రానికా రెండింటికా అన్నది పుస్తకంలో చూసుకోండి.

3. చెయిన్. వాన కాలంలో మొదట దెబ్బ తినేది ఇదే. బండిని డబుల్ స్టాండు మీద పెట్టి, ఇంజను ఆపి, చక్రం చేత్తో తిప్పుతూ కిరసనాయిలు, బ్రష్షుతో రుద్దండి. గుడ్డతో తుడిచి, పావుగంట ఆరనివ్వండి. తర్వాత చెయిన్ లోపలి వైపు, లంకెల మధ్యన లూబ్ పడేట్టు కొట్టండి. పైపైన పోస్తే ఊరికే మడ్‌గార్డుకు చిమ్ముతుంది. ఇంటికి రాగానే, చెయిన్ వెచ్చగా ఉన్నప్పుడు చేస్తే నూనె లోపలికి పడుతుంది, రాత్రంతా ఆరుతుంది. మామూలు రోజుల్లో 500 కిలోమీటర్లకు, బాగా తడిస్తే ఆ సాయంత్రమే.

హెచ్చరిక: ఇంజను నడుపుతూ, గేరులో వేసి చెయిన్ తుడవకండి. గుడ్డతో పాటు వేలు పళ్ళ చక్రంలోకి పోతుంది. పెట్రోలుతో కూడా కడగకండి, లంకెల్లో రబ్బరు రింగులుండే ఓ-రింగు చెయిన్ అయితే ఆ రింగులు ఉబ్బి పాడవుతాయి.

సరిచూసుకోవడం: రెండు పళ్ళ చక్రాల నడిమధ్య, కింది వైపు చెయిన్‌ను వేలితో పైకీ కిందికీ ఆడించండి. చాలా కమ్యూటర్ బండ్లకు మొత్తం ఆట 25 నుంచి 30 మిల్లీమీటర్లు. మీ పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే సరైనది. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల కొలిచి, అన్నిటికంటే బిగుతుగా ఉన్న చోటి కొలతను లెక్కలోకి తీసుకోండి. వదులుగా ఉన్న చోట కొలిచి బిగిస్తే, బిగుతు చోట చెయిన్ తెగేదాకా లాగుతుంది.

4. ట్యాంకు మూత రంధ్రం. దీన్ని ఎవరూ పట్టించుకోరు. ట్యాంకు మూత తెరిస్తే చుట్టూ ఉన్న గాడిలో ఒక చిన్న రంధ్రం కనిపిస్తుంది. వాన నీరు అందులోంచి గొట్టం ద్వారా కిందికి పోవాలి. దుమ్ముతో అది మూసుకుపోతే నీరు నిలిచి, మూత తెరిచినప్పుడల్లా పెట్రోలులో పడుతుంది. సన్నని తీగతో పొడిచి, రెండు చుక్కలు నీళ్ళు వేసి కింద కారుతున్నదో లేదో చూడండి.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. నీరు ఎక్కువ కలిస్తే ఇథనాల్ ఆ నీటితో జత కట్టి అడుగుకు దిగుతుంది, ఇంజను ముందు దాన్నే తాగుతుంది. బండి స్టార్టయి దగ్గుతూ ఆగిపోతుంటే, చేతి పంపుతో కొంచెం పెట్రోలు గాజు సీసాలోకి తీసి పావుగంట ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే ట్యాంకు ఖాళీ చేయించాల్సిందే. నోటితో గొట్టం పీల్చకండి.

5. ఎయిర్ ఫిల్టరు. సీటు కిందో పక్క ప్యానెల్ వెనకో ఉంటుంది. కాగితం ఫిల్టరు తడిస్తే ఎండబెట్టి మళ్ళీ వేయకండి, మార్చండి. ఫిల్టరు పెట్టె అడుగున మూసిన చిన్న రబ్బరు గొట్టం వేలాడుతుంది. దాని మూత తీస్తే నీరు కారిందా, లోపలికి నీళ్ళు వెళ్ళినట్టే.

6. రోడ్డు మీద. ముసురు మొదలైన తొలి అరగంట అన్నిటికంటే ప్రమాదం. రోడ్డు మీది నూనె, దుమ్ము పేస్టులా మారతాయి. చీమకుర్తి గ్రానైటు లారీల దారిలో ఆ రాతి పొడి ఇంకా జారుడు. నార్లు పోసే రోజుల్లో దమ్ము చక్రాల ట్రాక్టర్లు పొలంలోంచి రోడ్డెక్కిన చోట నల్లరేగడి అచ్చులు పడి ఉంటాయి. వాటి మీద బ్రేకు వేయకండి, ముందే గేరు తగ్గించి నిటారుగా దాటండి. వంతెనల ఇనుప పట్టీలు, జీబ్రా గీతలు కూడా అంతే. ముందు బండికి మామూలుగా వదిలే దూరానికి రెట్టింపు వదలండి.

నీళ్ళు దాటాక వంద అడుగుల దాకా రెండు బ్రేకులూ తేలిగ్గా నొక్కి పట్టుకుని పోండి. తడిసిన డ్రమ్ము ఆరేదాకా బ్రేకు పట్టదు.

7. కడగడం. తీరం వాళ్ళు వారానికోసారి, రొయ్యల గుంటల దారిలో పోయిన వాళ్ళు ఆ రోజే కడగాలి. పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, తీరపు ఊళ్ళలో బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో ఎంత కడిగినా ఉప్పు మీద ఉప్పు. నాలుకకు ఉప్పు తగిలితే ఆ నీళ్ళు వద్దు. ఒక బకెట్టు మంచినీళ్ళు, ఒక మగ్గు చాలు. ఇప్పుడైతే వాన నీళ్ళు పట్టుకున్నా సరిపోతుంది. సర్వీసు సెంటరులో ప్రెజరు గన్ను పెట్టి చక్రాల బేరింగులు, చెయిన్, హ్యాండిల్ మెడ, స్విచ్చుల మీద కొట్టనివ్వకండి. గ్రీజు పోయి నీరు లోపల నిలుస్తుంది. గిన్నెలు తోమే సబ్బు కూడా వద్దు, బండి షాంపూ వాడండి.

రెండో భాగం: నిలపాలనుకుంటే

ఒక నెల లోపైతే 1, 4, 5, 8 అంచెలు చాలు. సంక్రాంతి దాకా అనుకుంటే అన్నీ చేయండి. ఎండ కాసే రోజు చూసుకుని మొదలుపెట్టండి.

1. కడిగి, నడిపి ఆరబెట్టండి. కడిగిన వెంటనే కవరు వేస్తే నీటిని దాచిపెట్టినట్టే. 20 నిమిషాలు నడిపి, గంట ఎండలో పెట్టండి. అదే పరుగులో బంకు పని చూసుకోండి.

2. ట్యాంకు నింపండి. ఇనుప ట్యాంకులో ఖాళీ ఎంత ఉంటే అంత తేమ గాలి లోపలుంటుంది, పై గోడలు తుప్పు పడతాయి. పై అంచుకు ఒక అంగుళం వదిలి నింపండి. రెండు నెలలు దాటేట్టయితే పెట్రోలు పాడవకుండా చూసే ఫ్యూయల్ స్టెబిలైజరు, దాని డబ్బా మీద రాసిన కొలతలో కలపండి. కలిపాక ఐదు నిమిషాలు ఇంజను నడిస్తేనే అది లోపలిదాకా చేరుతుంది. పాత కార్బొరేటరు బండైతే, 3వ అంచెలోని ఆయిల్ పని అయ్యాక, పెట్రోలు ట్యాపు మూసి, ఇంజను దానంతట అదే ఆగేదాకా నడపండి. లేకపోతే కార్బొరేటరు అడుగు గిన్నెలో పెట్రోలు ఆవిరై, మిగిలిన జిగురు జెట్లను, అంటే పెట్రోలు పోయే సన్నని రంధ్రాలను, మూసేస్తుంది. ఇంజెక్షన్ బండికి ఈ పని లేదు.

3. ఇంజన్ ఆయిల్ మార్చండి. "తిరిగి తీసేటప్పుడు మారుస్తాం" అంటారు చాలామంది. వాడిన ఆయిల్‌లో తేమ, ఆమ్లాలు ఉంటాయి, అవి మూడు నెలలు బేరింగుల మీద కూర్చుంటాయి. ఇప్పుడే మార్చి, రెండు మూడు నిమిషాలు ఇంజను నడిపి కొత్త ఆయిల్ అంతటా పాకనివ్వండి. ఈ పనంతా ఆరుబయట చేయండి, మూసిన గదిలో ఇంజను నడపకండి. ఆ పొగ ప్రాణం తీస్తుంది.

4. చెయిన్ పైన చెప్పినట్టే, కాకపోతే లూబ్ కొంచెం దిట్టంగా.

5. బ్యాటరీ. తాళం ఆపి, ముందు నల్ల తీగ, అంటే మైనస్, విప్పండి. ఆ తర్వాత ఎరుపు. పెట్టేటప్పుడు ఎరుపు ముందు, నలుపు చివర. ఈ వరస తప్పితే స్పానరు ఛాసిస్‌కు తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. బ్యాటరీ బయటికి తీసి ఇంట్లో, పిల్లలకు అందని పొడి చోట, చెక్క మీద పెట్టండి.

కొలత: బండి నుంచి తీసి కనీసం ఆరు గంటలయ్యాక మల్టీమీటరు పెట్టండి. 12.6 నుంచి 12.8 వోల్టులుంటే నిండుగా ఉంది. 12.4 అంటే ముప్పావు వంతు. అంతకు దిగితే చార్జింగు పెట్టండి. చార్జింగు కరెంటు బ్యాటరీ మీది యాంపియర్ అవర్ (ఏహెచ్) అంకెలో పదో వంతు ఉండాలి. 4 ఏహెచ్ బ్యాటరీకి 0.4 యాంపియరు, 8 ఏహెచ్‌కు 0.8. కారు చార్జరు 5 యాంపియర్లు తోస్తుంది, చిన్న బ్యాటరీ వేడెక్కి ఉబ్బుతుంది. బ్యాటరీ షాపులో ఇచ్చినా "నెమ్మదిగా పెట్టండి" అని చెప్పి ఇవ్వండి. నిండుగా చార్జయిన బ్యాటరీ కూడా మర్నాటికే 12.4 కిందికి దిగితే అది ముసలిదైంది. దాని మీద ఇంక ఖర్చు పెట్టకండి.

6. తుప్పు పని. ముందు ఫోర్కు నున్నటి రాడ్లు బాగా తుడిచి, ఒక చుక్క ఇంజన్ ఆయిల్ వేలితో పామండి. వీటి మీద తుప్పు చుక్క లేస్తే అది ఆయిల్ సీలును కోస్తుంది, తర్వాత ఫోర్కు కారుతుంది. బోల్టు తలలు, స్టాండు స్ప్రింగు, కిక్ రాడ్డు, సైలెన్సరు అతుకుల మీద పలచగా నూనె. బ్యాటరీ టెర్మినళ్ళకు, సాకెట్ల బయటి అంచులకు పెట్రోలియం జెల్లీ.

హెచ్చరిక: బ్రేకు డిస్కు, ప్యాడ్లు, టైర్ల మీద నూనె చుక్క పడకూడదు. స్ప్రే కొట్టే ముందు డిస్కుకు గుడ్డ చుట్టండి. డిస్కు మీద పలచగా తుప్పు రంగు వస్తే భయపడకండి, నాలుగు బ్రేకులకు పోతుంది.

సముద్రానికి దగ్గరి వాళ్ళు ఇంకొకటి చేయవచ్చు. ప్లగ్గు విప్పి, రంధ్రంలో ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు, ఇంజన్ ఆయిల్ పోసి, తాళం ఆపి ఉంచి కిక్ నాలుగైదు సార్లు నెమ్మదిగా కొట్టి ప్లగ్గు బిగించండి. కిక్ లేని బండికి ఇది మెకానిక్కు చేతే చేయించండి.

7. ఎలుకలు. పొలాల్లోకి నీళ్ళు చేరగానే ఎలుకలు ఇళ్ళకు వస్తాయి. వైర్లు కొరుకుతాయి, ఫిల్టరు పెట్టెలో గూడు పెడతాయి. సైలెన్సరు చల్లారాక దాని నోట్లో గుడ్డ ఉండ పెట్టి, ఎర్ర రిబ్బను బయటికి వేలాడదీయండి. తీయడం మరిచిపోకుండా ఆ ఎరుపు తాళం దగ్గర కూడా కట్టండి. సీటు కింద కలరా ఉండలు నాలుగు గుడ్డలో కట్టి పెట్టండి. వడ్లు, దాణా మూటలు నిలవ చేసే గదిలో బండి పెట్టకండి.

8. నిలపడం. డబుల్ స్టాండు మీద, టైర్ల కింద చెక్క పలకలు. సిమెంటు నేల ముసురులో చెమ్మగిల్లుతుంది, టైరు ఆ చెమ్మలో నిలవకూడదు. గాలి స్టిక్కరు కంటే 3, 4 పాయింట్లు ఎక్కువ పెట్టండి. డబుల్ స్టాండు లేకపోతే వారానికోసారి బండిని అర చక్రం ముందుకు తోయండి, టైరు ఒకే చోట చదును కాకుండా.

9. కవరు. ఎరువుల సంచులు కుట్టిన పట్టా, నీలం ప్లాస్టిక్ పట్టా రెండూ వద్దు. కింద నుంచి లేచిన తేమ లోపల చుక్కలై బండి మీదే పడుతుంది. పాత నూలు దుప్పటి వాటికంటే చాలా మేలు. ప్లాస్టిక్ తప్పకపోతే అది బండికి తగలకుండా జానెడు ఎత్తున పందిరిలా కట్టి, రెండు వైపులా తెరిచి ఉంచండి.

పక్షానికోసారి చూడాల్సినవి: బ్యాటరీ వోల్టులు, ఫోర్కు రాడ్ల మీది చుక్కలు, ఎలుక పెంటికలు, కవరు లోపల చెమ్మ. ఎండ కాసిన రోజు కవరు తీసి గాలికి వదలండి. రెండు నిమిషాలు స్టార్ట్ చేయడం మాత్రం వద్దు. సెల్ఫ్ కొట్టడానికి బ్యాటరీ ఇచ్చిన కరెంటు రెండు నిమిషాల ఐడిలింగుతో తిరిగి రాదు, సైలెన్సరులోకి మాత్రం నీరు చేరుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు "ఒకసారి స్టార్ట్ చేసి చూడరా" అంటారు, ప్రేమతోనే. బ్యాటరీ ఇంట్లో పెడితే ఆ చిక్కే ఉండదు.

విద్యుత్ స్కూటరు ఉన్నవాళ్ళు: పూర్తి చార్జింగుతో గానీ పూర్తిగా ఖాళీగా గానీ నిలపకండి. సగం పైన కొంచెం ఉంచి, నెలకోసారి చూసి మళ్ళీ అంత దాకా తెండి. తడి చేతులతో, తడి ప్లగ్గుతో, వాన జల్లు పడే వరండాలో చార్జింగు పెట్టకండి.

మూడో భాగం: తుపాను హెచ్చరిక వచ్చిన రోజు

నడిపేవాళ్ళకూ నిలిపినవాళ్ళకూ ఇది ఒకటే. వాతావరణ శాఖ లెక్కలో వాయుగుండం అంటే గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల గాలి, తీవ్ర వాయుగుండం 50 నుంచి 61, తుపాను 62 నుంచి మొదలు. వాయుగుండం రోజు తప్పనిసరి పనికి మెల్లగా పోవచ్చు. తీవ్ర వాయుగుండం నుంచి బండి తీయకండి. పెన్నా వంతెన మీద, రెండు పక్కలా చెట్టు లేని హైవే మీద పక్క గాలి బండిని లేన్ మార్చేస్తుంది. జిల్లాకు రెడ్ అలర్ట్ ఉంటే చర్చే లేదు. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర జాతీయ రహదారే కోసుకుపోయింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, దాని వాన నెల్లూరును కూడా ముంచింది. హైవే అయితే ఏమీ కాదనుకునే వీలు లేదు. సహాయం కావాలంటే 112, విపత్తుల సంస్థ కంట్రోల్ రూముకు 1070.

బండి పెట్టే చోటు: కొబ్బరి చెట్టు, రేకుల షెడ్డు, పాత మట్టి గోడ, హోర్డింగు పక్కన వద్దు. అరుగు ఉంటే పలక వేసి ఎక్కించండి. గాలికి డబుల్ స్టాండు కంటే సైడ్ స్టాండే నయం. మొదటి గేరులో వేసి, హ్యాండిల్ ఎడమకు తిప్పి తాళం వేసి, గోడకు దగ్గరగా పెట్టి స్తంభానికి తాడు కట్టండి. మట్టి నేలైతే స్టాండు కింద చెక్క ముక్క పెట్టండి. నీళ్ళు వచ్చే వీధైతే బ్యాటరీ మైనస్ విప్పి, సైలెన్సరు నోటికి ప్లాస్టిక్ కట్టండి.

దాంతో పాటు బీమా కాగితం తీసి చూడండి. కొత్త బండితో వచ్చే ఐదేళ్ళ బీమా థర్డ్ పార్టీకి, అంటే ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి, మాత్రమే. మన బండికి వరద నష్టం ఇచ్చే ఓన్ డ్యామేజి భాగం చాలా పాలసీల్లో ఏడాదికే అయిపోతుంది. "ఐదేళ్ళ బీమా ఉంది" అనుకుని నిశ్చింతగా ఉన్నవాళ్ళు ఎక్కువ. తుపాను పేరు వినకముందే ఆ తేదీ చూసుకోండి.

నీళ్ళలో బండి ఆగిపోతే

పారే నీళ్ళు మోకాలి ఎత్తులో సగం దాటితే దిగకండి. నిలవ నీళ్ళు చక్రం హబ్బు దాటినా అంతే. దిగక తప్పకపోతే మొదటి గేరులో, ఒకే వేగంతో, మధ్యలో యాక్సిలరేటరు వదలకుండా పోండి.

1. ఆగిపోయిందా, మళ్ళీ సెల్ఫ్ కొట్టకండి, కిక్ కొట్టకండి. సిలిండరులోకి నీరు వెళ్ళి ఉంటే పిస్టను దాన్ని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. వెయ్యిలో పోయే ఖర్చు ఇంజను ఖర్చవుతుంది.
2. తోసుకుని గట్టుకు తెచ్చి తాళం ఆపండి. మైనస్ విప్పండి. బీమాకు అడగాలనుకుంటే కంపెనీకి ముందే చెప్పి, నీటి మట్టం కనిపించేలా ఫొటోలు తీయండి.
3. ఆయిల్ చూడండి. గేజి కర్రకు గానీ, ఇంజను మీద ఆయిల్ కనిపించే గాజు కిటికీలో గానీ పాలు కలిపిన టీ రంగు కనిపిస్తే నీరు కలిసింది.
4. ప్లగ్గు విప్పి, కిక్ నెమ్మదిగా కొడితే నీరు చిమ్ముతుంది. చిమ్మడం ఆగేదాకా కొట్టండి. ముఖం రంధ్రానికి ఎదురుగా పెట్టకండి.
5. ఆయిల్, ఫిల్టరు మార్చి, పది నిమిషాలు ఐడిలింగులో నడిపి, మళ్ళీ ఆయిల్ మార్చండి. ఒక్క మార్పుతో టీ రంగు పోదు. మూడోసారి కావాలంటే మూడోసారి కూడా.
6. చక్రాల బేరింగులు, బ్రేకు డ్రమ్ములు విప్పించి గ్రీజు పెట్టించండి. రాత్రంతా మునిగిన బండైతే ఈ పనులేవీ ఇంట్లో మొదలుపెట్టకుండా ట్రాలీ మీద షెడ్డుకు పంపండి.

సంక్రాంతికి తిరిగి తీసేటప్పుడు

ముందు సైలెన్సరు గుడ్డ. ఫిల్టరు పెట్టె విప్పి గూడు ఉందేమో చూడండి, సీటు కింద వైర్ల మీద వేలితో తడిమి కొరుకుడు గాట్లు వెతకండి. బ్యాటరీ ఎరుపు ముందు పెట్టి, నలుపు తర్వాత బిగించండి. టైర్ల గాలి స్టిక్కరు అంకెకు తెండి. సిలిండరులో ఆయిల్ పోసి ఉంటే మొదటి నిమిషం తెల్ల పొగ వస్తుంది, అది మామూలే.

స్టార్ట్ చేసే ముందు క్లచ్ పట్టుకుని, రెండో గేరులో వేసి బండిని తోయండి. చాలా రోజులు నిలబడితే క్లచ్ ప్లేట్లు అతుక్కుంటాయి. క్లచ్ పట్టినా చక్రం తిరగనంటే ఊరికే గేరేసి ఎగరనివ్వకండి. న్యూట్రల్‌లో ఐదు నిమిషాలు వేడి చేసి, ఇంజను ఆపి, గేరు వేసి, క్లచ్ పట్టుకుని బండిని వెనక్కీ ముందుకీ ఊపండి, విడుతుంది.

ఇంజను వేడెక్కాక, లైటు వెలిగి ఉండగా, కొంచెం యాక్సిలరేటరు ఇచ్చి బ్యాటరీ దగ్గర కొలవండి. 13.5 నుంచి 14.8 వోల్టుల మధ్య ఉంటే చార్జింగు సరిగ్గా ఉంది. 13 దాటకపోతే రెక్టిఫయరునో, స్టేటరునో, ఎలుక కొరికిన తీగనో చూపించాలి. అది తేలకుండా కొత్త బ్యాటరీ కొనకండి.

తర్వాత ఖాళీ రోడ్డు మీద 20 కిలోమీటర్ల వేగంలో ముందు బ్రేకు, వెనక బ్రేకు విడివిడిగా ఐదారు సార్లు వేయండి. డిస్కు మీది తుప్పు గరగర మూడో నాలుగో బ్రేకుకు ఆగాలి. ఆగకపోతే ప్యాడ్లకు నూనె అంటిందేమో చూడండి. అరగంట నడిపి ఇంటికొచ్చి, ఫోర్కు సీళ్ళ కింద, ఆయిల్ నట్టు దగ్గర, పెట్రోలు గొట్టం అతుకుల దగ్గర పొడి గుడ్డతో తుడిచి చూడండి. మర్నాడు పొద్దున మళ్ళీ అవే చోట్ల తుడిచినా గుడ్డ పొడిగా ఉంటే బండి దారిలో పడ్డట్టే.